అరవని రాయి

"రెండో చెయ్యి కూడా పెట్టు" అన్నాడు పెద్దవాడు తమ్ముడితో.

చిన్నవాడు పెట్టలేదు. మొదటి చెయ్యే ఇంకా దాగలి మీద ఉంది. వెనక్కి తీసుకునే శక్తి లేక అక్కడే ఉంది. మూడు వేళ్లు తిరగకూడని వైపు తిరిగి ఉన్నాయి. రాళ్లు పగలగొట్టే ఆ ఇనుప దిమ్మ మీద ఆ పొద్దుటిదాకా తెల్లటి రాతిపొడి తప్ప మరకన్నది లేదు.

వాకిట్లో పని ఆగిపోయింది. రాళ్లు ఏరే ఆడవాళ్లు పదకొండు మంది, సుత్తులు చేతుల్లో పట్టుకునే కొయ్యబారిపోయారు. గేటు బయట, పొద్దున్నే తిరిగొచ్చిన లారీ టార్పాలిన్ కూడా విప్పకుండా నిలబడి ఉంది.

"ఇరవై టన్నులు" అన్నాడు పెద్దవాడు. రొప్పుతున్నాడు. "ఇరవై టన్నులూ కంపెనీవాళ్లు మొహాన కొట్టి పంపారు. గనిలో తీసింది నేను. ఏరింది నా పెళ్లాం. దారి పొడుగునా సరుకు నీ చేతిలో ఉంది. ఒక్క రోజు దారికి రెండు రోజులు పట్టింది నీకు. ఎక్కడ ఆపావురా లారీ? ఎవడి రాయితో మార్చావు?"

చిన్నవాడు పళ్లు బిగించాడు. కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి కానీ నోట్లోంచి మాట రాలేదు.

"చూశారా? నోరు మూసుకున్నాడంటే దొరికిపోయాడన్నమాటే."

సుత్తి మళ్లీ లేచింది. పెద్దకోడలు అడ్డం పడింది. రాళ్లను చేత్తో పట్టుకుని, చెవితో విని, మంచిదేదో చెడ్డదేదో చెప్పగలదని ఊళ్లో అందరూ ఆవిడని రాళ్లక్క అంటారు. రాళ్ల దగ్గర చెల్లే మాట మొగుడి దగ్గర చెల్లదు. ఆయన ఒక్క తోపు తోస్తే వెళ్లి రాళ్లకుప్ప మీద పడింది. మోచెయ్యి చీరుకుపోయింది.

ఆ కుప్ప వెనక నుంచి ఒక రాయి ఎగిరొచ్చింది. గురి తప్పలేదు. పెద్దవాడి కనుబొమ మీద తగిలి, అక్కడి నుంచి మెడ దాకా రక్తం దారి చేసుకుంది.

విసిరింది చిన్నకోడలు. రెండో రాయి చేతిలో రెడీగా ఉంది.

"ఇంకొక్క దెబ్బ వెయ్యండి బావగారూ, ఈసారి కన్నే పోతుంది."

పెద్దవాడు రక్తం తుడుచుకోలేదు. చిన్నవాణ్ని చొక్కా పట్టుకుని ఈడ్చుకెళ్లి పనిముట్ల కొట్టులో తోసి, గడియ పెట్టి, తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

"మధ్యాహ్నం కంపెనీ నుంచి పరీక్షల సారు వస్తున్నాడు, రాయి సంగతి తాడో పేడో తేల్చడానికి. ఆయన కారు దిగేలోపు వీడు నిజం చెప్పాలి. చెప్పకపోతే ఆయన ముందే రెండో చెయ్యి విరుస్తా. తమ్ముడైనా సరే, రాయి మారిస్తే మా దగ్గర మర్యాద ఇలా ఉంటుందని ఆయనా చూస్తాడు."

"ముందు డాక్టరు దగ్గరికి..." అంది రాళ్లక్క.

"ముందు నిజం. తర్వాత డాక్టరు."

*

వంటింట్లో రాళ్లక్క మోచెయ్యి కడుక్కుంటుంటే తోటికోడలు గోడకి చేరగిలబడి కూర్చుంది. రెండో రాయి ఇంకా ఆమె గుప్పిట్లోనే ఉంది.

"నాకు చెప్పు. లారీ ఎక్కడ ఆగింది?"

చిన్నకోడలు ఆ రాయిని గుప్పిట్లోనే తిప్పుతోంది.

"నువ్వు కూడా నోరు మూసుకుంటే ఎలాగే? మధ్యాహ్నానికి ఎన్ని గంటలున్నాయో లెక్క చూసుకున్నావా?"

"ఒట్టు వేయించుకున్నాడు అక్కా."

"చెయ్యి పోయాక ఒట్టు దేనికి?"

చిన్నకోడలు గొంతు తగ్గించింది. "ఇంకో కొండ చూడ్డానికి ఆగాడు. అక్కడ కూడా ఇలాంటి పలుగురాతి సిరే ఉందట. మేం వేరుపడదామని. బావగారి చేతి కింద బతకడం ఇక నా వల్ల కాదన్నాడు. ఆ మాట చెబితే అన్న చంపేస్తాడని భయం. చెప్పకపోయినా చంపుతున్నాడు. ఏ బేరం చూసినా మాకే నష్టం."

"రాయి మార్చలేదు కదా?"

"టార్పాలిన్ తాడు ముడి కూడా విప్పలేదు. నా మీద నమ్మకం లేకపోతే నీ మీదైనా ఉంచుకో. ప్రతి బస్తా మీదా నీ సున్నపు గీత ఉంది. ముడి నువ్వేసిందే. పగలగొట్టినవాడిదే తప్పు, మోసినవాడిదే తప్పు, ఏరినవాళ్లది మాత్రం ఎప్పుడూ కాదు. అంతేనా అక్కా?"

ఆ మాట మోచేతి గాయం కంటే లోతుగా దిగింది.

రాళ్లక్క లేచి లారీ దగ్గరికి వెళ్లింది. టార్పాలిన్ కింద చెయ్యి పెట్టి మూడు బస్తాలు తడిమింది. గీతలు తనవే. ముళ్లు తనవే. ఒక బస్తా విప్పి గుప్పెడు రాళ్లు కొంగులో వేసుకుంది.

తెల్లటి రాళ్లు. చల్లటి పలుగురాళ్లు. వెలుగుకి అడ్డంపెడితే నీళ్లలా ఉన్నాయి. వీటిని ఎవరు కాదంటారు?

పరీక్షల సారు కాదన్నాడు.

పోయిన నెల ఆయన వచ్చినప్పుడు అరుగు మీద కూర్చుని చెప్పిన సంగతి ఆవిడకి అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. ఈ కొండంతా గ్రానైటు. కొండ చల్లారుతున్నప్పుడు చిట్టచివర మిగిలిన కరుగు పగుళ్లలో దూరి, నింపాదిగా చల్లారి, పెద్ద పెద్ద పలుకులుగా గడ్డకట్టింది. ఆయన దాన్ని పెగ్మటైట్ అన్నాడు. ఇంట్లోవాళ్లకి అది సిర. సిర అంచుల్లో కాకిబంగారం, దాని లోపల ఎర్రటి ఫెల్డ్‌స్పార్ రాయి, నట్టనడుమ పలుగురాయి గుండె.

అద్దాల ఫ్యాక్టరీవాళ్లు తీసుకునే మామూలు తెల్లరాయి ధర ఒకటనుకుంటే, ఈ గుండెరాయి ధర ముప్పై. ఎందుకంటే దీనితో చేసేది మామూలు గాజు కాదు, కంప్యూటర్ల కోసం సిలికాన్ కరిగించే గిన్నెలు. గిన్నెలో మురికి ఉంటే కరిగేదాంట్లోకి దిగుతుంది. ఒక్క బస్తా పాడైతే పోయేది ఆ బస్తా విలువ కాదు, దాన్నుంచి పుట్టే సరుకంతా పోతుంది.

"సిలికాన్ ఒకటి, ఆక్సిజన్ రెండు. ఇంతేనమ్మా పలుగురాయి" అన్నాడాయన. "ఇంట్లో ఉండవలసినవాళ్లు వాళ్లిద్దరే. కానీ సిలికాన్ పీటల మీద అక్కడక్కడ అల్యూమినియం వచ్చి కూర్చుంటుంది. అదొక్కటే రాదు. లిథియాన్నో సోడియాన్నో చంకనెత్తుకుని మరీ వస్తుంది. మీ సుత్తి నుంచి రాలిన ఇనుమైతే ఆమ్లంలో కడిగేస్తాం. బయట అంటుకున్న కాకిబంగారాన్ని గీకేస్తాం. కానీ పీట మీద కూర్చున్నవాణ్ని మాత్రం ఎవరూ లేపలేరు. పది లక్షల పాళ్లలో ముప్పై దాటిందంటే సరుకు మాకొద్దు."

"మరి కంటితో ఎలా తెలుస్తుంది సారూ?"

"చాలాసార్లు తెలియదు. ఒక్కోసారి మాత్రం రాయే చెబుతుంది. మీ ఫెల్డ్‌స్పార్ పక్కన పొగరంగు రాయి దొరుకుతుంది చూశారా, అది రంగు కాదమ్మా, ఫిర్యాదు. కొండలోని రేడియేషన్ తగిలి, లోపల అల్యూమినియం ఉందని ఆ రాయి చేసే ఫిర్యాదు. ఆ రాయి జోలికి పోవద్దు."

పోలేదు. పొగరాయి కనిపిస్తే చాలు, విడిగా పారేయించింది. గనిలో దానికో కుప్ప. ఎవరికీ అక్కర్లేని కుప్ప.

ఇంక రెండో పరీక్ష ఆవిడ సొంతం. పలుగురాయి లోపల కంటికి కనపడని నీటి బుడగలుంటాయి. నిప్పుల్లో పడేస్తే ఒక్కొక్కటే పగిలి చిటపటలాడతాయి. బుడగలు ఎక్కువుంటే ఎక్కువ అరుస్తుంది. మంచి రాయి తక్కువ అరుస్తుంది. ప్రతి కుప్పలోంచీ ఒక రాయి తీసి పొయ్యిలో వేసి, చెవి ఒగ్గి, చిటపటలు లెక్కపెట్టేది. పది దాటితే కుప్ప తీసిపారేసేది. ఈ లారీ సరుకు ఏరినప్పుడు, కొన్ని కుప్పల్లోంచి తీసిన రాళ్లు అసలు అరవనే లేదు. ఎంత మురిసిపోయింది! "ఒక్క చప్పుడు లేదు, బంగారంలాంటి రాయి" అని పదకొండు మంది ఆడవాళ్లకీ బెల్లం ముక్క పంచింది.

ఇప్పుడు పొయ్యి ముందు కూర్చుని లారీలోంచి తెచ్చిన రాయి ఒకటి నిప్పుల్లో వేసింది.

చప్పుడు లేదు.

ఇంకొకటి వేసింది. లేదు. మూడోది ఏడుసార్లు చిటపటలాడింది. నాలుగోది మళ్లీ మౌనం.

"ఇదేంటక్కా?" అంది తోటికోడలు, ఇంతసేపటికి గుప్పిట్లో రాయి నేల మీద పెట్టి.

"ఆగు."

మూడోదాన్ని పట్టుకారుతో బయటికి తీసి చల్లార్చి, మళ్లీ నిప్పుల్లో వేసింది. ఇందాక ఏడుసార్లు అరిచిన రాయి ఇప్పుడు ఒక్కసారి కూడా అరవలేదు.

రాళ్లక్క పట్టుకారు కింద పెట్టింది.

"ఒకసారి కాలిన రాయి మళ్లీ అరవదే. బుడగలన్నీ అప్పుడే పగిలిపోయాయి కదా. నా దగ్గరికి రాకముందే ఎవరో వీటిని కాల్చారు. నేను వీటికి మార్కులేశాను. నోరు మెదపకపోతే మంచివనుకున్నాను."

"రాళ్లని కాల్చడమేంటి? ఎవరు కాలుస్తారు?"

రాళ్లక్క లేచి కిటికీలోంచి చూసింది. పదిహేను రోజులుగా పెరట్లో పొగ లేస్తోంది.

*

పెరట్లో ఒకప్పటి పెంకుల బట్టీ ఉంది. దాని ముందు మామగారు పీట వేసుకుని కూర్చున్నారు. మోకాళ్లకి ఇసుక కాపడం పెట్టుకుంటున్నానని పదిహేను రోజుల నుంచి బట్టీ వెలిగిస్తున్నారు. ఎంత ఇసుక కాచినా ఆయన మోకాళ్లు రోజురోజుకీ అధ్వాన్నమే అయ్యాయి తప్ప బాగుపడలేదు. ఆ లెక్క తనకి ముందే తట్టి ఉండాల్సింది. ఆయన పక్కన తోపుడుబండి ఉంది. చక్రాల నిండా తెల్లటి పొడి.

"మామయ్యా, మోకాళ్లు ఎలా ఉన్నాయి?"

"వాకిట్లో ఆ గోలేంటమ్మా? చెవులు సరిగా వినపడి చావవు."

రాళ్లక్క వంగి బట్టీ నోట్లో, చల్లారిన అంచున చెయ్యి పెట్టింది. బూడిదలో ఒక రాయి తగిలింది. పైకి తీసి కొంగుతో తుడిచింది.

అర్ధభాగం నీటిలా స్వచ్ఛంగా ఉంది. అర్ధభాగం పొగరంగులో ఉంది. నిప్పు తగిలినంతవరకూ తెలుపు. బట్టీ అంచుకి ఆనుకుని మిగిలిపోయినంతవరకూ పొగ. మధ్యలో గీత గీసినట్టు కనిపిస్తోంది.

ముసలాయన ఆ రాయిని చూశారు, కోడలి మొహం చూశారు, చెవుడు వదిలేశారు.

"మూడు టన్నులు తక్కువ పడిందమ్మా. సరుకు తక్కువైతే గని అమ్మి పారేస్తానని పెద్దవాడు అన్నం ముందు కూర్చుని అరిచాడుగా. నా చేతులతో తవ్విన గని. ఆ పొగరాయి కుప్ప ఊరికే పడి ఉంది. మా రోజుల్లో అద్దాల ఫ్యాక్టరీవాళ్లకి మేం ఇలాగే ఇచ్చేవాళ్లం. ఎర్రబడనివ్వకుండా సన్నసెగన ఒక పూట కాలిస్తే పొగంతా పోతుంది. తెల్లగా ఉంటే తీసుకునేవాళ్లు. రోజుకి ఆరు బస్తాలు, ఇప్పుడు వచ్చే లోడుకి కూడా. మీరు అన్నాలు తినేవేళకి నీ కుప్పల్లో కలిపేవాణ్ని. రంగు పోయింది కదమ్మా, ఇంకేం ఉంది లోపల?"

"రంగే పోయింది మామయ్యా. ఫిర్యాదు చెరిపేశారు. లోపల కూర్చున్నవాడు కూర్చునే ఉన్నాడు."

ఆయనకి అర్థం కాలేదు. అర్థమయ్యేలా ఇంకో మాట చెప్పింది.

"దానికే మీ చిన్నకొడుకు మూడు వేళ్లు విరిగాయి."

ముసలాయన లేవబోయారు. మోకాళ్లు సహకరించలేదు. మళ్లీ పీట మీద పడ్డారు.

"నేను చెబుతాను పెద్దవాడికి."

"చెబితే ఏమవుతుందో తెలుసా?"

తెలుసు. ఇద్దరికీ తెలుసు. పెద్దవాడి కుడిచేతి చిటికెనవేలు వంకరగా ఉంటుంది. పన్నెండేళ్ల వయసులో బుట్ట తొందరగా నిండాలని పలుగురాళ్లలో నాలుగు ఫెల్డ్‌స్పార్ ముక్కలు కలిపాడు. తండ్రి ఆ చేతిని దాగలి మీద పెట్టించి ఒక్క దెబ్బ వేశాడు. ఆ వేలు ఆ తర్వాత తిన్నగా కాలేదు. రాయి కలిపితే శిక్ష ఏమిటో ఈ ఇంట్లో నేర్పింది ఈ ముసలాయనే.

రాళ్లక్క మనసులో తూకం వేసింది. నిజం చెబితే మామగారు. చెప్పకపోతే మరిది. ఏ పళ్లెంలో చూసినా చెయ్యే ఉంది.

అప్పుడే వాకిట్లోంచి కారు హారన్ వినిపించింది. వెంటనే కొట్టు గడియ తీసిన చప్పుడు.

*

పెద్దవాడు తమ్ముణ్ని దాగలి ముందు మోకాళ్ల మీద కూలేశాడు. చిన్నవాడి కుడిచెయ్యి గుమ్మడికాయలా వాచిపోయింది. పెద్దవాడు ఎడమచెయ్యి పట్టి దిమ్మ మీదికి లాగుతున్నాడు. పదకొండు మంది ఆడవాళ్లలో ఒకామె పెద్దగా ఏడ్చింది. చిన్నకోడలు బావగారి వీపు మీద పడి జుట్టు పట్టుకుని గుంజుతోంది. ఆయన విదిలించిన మోచెయ్యి ఆమె పెదవికి తగిలి చిట్లింది. అయినా ఆమె జుట్టు వదల్లేదు.

కారు గేటు దాటి వస్తోంది.

"ఏవండీ, ఆగండి" అంది రాళ్లక్క. "రాయి మార్చింది మరిది కాదు."

ఆ సగం తెల్లరాయిని తెచ్చి, పెద్దవాడి సుత్తి పడవలసిన చోట, దాగలి మీద పెట్టింది.

పెద్దవాడు రాయిని చూశాడు. ముప్పై ఏళ్లుగా రాళ్ల మధ్యే బతికినవాడికి ఇంకెవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. ఒక్కసారి ఇటు తిప్పాడు, ఒక్కసారి అటు తిప్పాడు.

"బట్టీ" అన్నాడు.

పెరటి వైపు చూశాడు. పొగ ఇంకా సన్నగా లేస్తోంది. పొగ కింద నుంచి, గోడ పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ తండ్రి వస్తున్నారు. వాకిలి దాటడానికి ఆయనకి పట్టిన సేపట్లో ఎవరూ కదల్లేదు. వచ్చి దాగలి ముందు నిలబడి తన చెయ్యి రాయి పక్కన పెట్టారు.

"కొట్టరా. శిక్ష నీకు నేర్పింది నేనే. నాకు తగ్గించకు."

పెద్దవాడి చూపు తండ్రి చేతి మీద నుంచి తన వంకర వేలి మీదికి వచ్చింది. మళ్లీ తండ్రి చేతి మీదికి వెళ్లింది.

"పన్నెండేళ్లవాణ్ని నేను" అన్నాడు. గొంతు పన్నెండేళ్లవాడిదే. "నాలుగు ముక్కలు కలిపాను నాన్నా. నాలుగు. నువ్వు మూడు టన్నులు కలిపావు."

"ఊ."

"అవి నా చెవి దాటుకునే వెళ్లాయి" అంది రాళ్లక్క. "గీత గీసింది నేను. కొట్టాలంటే నన్నూ కొట్టాలి."

పెద్దవాడు సుత్తి ఎత్తాడు. పళ్లు పటపటమన్నాయి. ఎవరి మీదికి దించాలో తెలియలేదు. పెద్ద కేక ఒకటి పెట్టి సుత్తిని నేలకేసి కొట్టాడు. కాళ్ల దగ్గర మట్టి గుంటపడింది.

ఆ సుత్తిని తీసుకున్నది చిన్నవాడు. ఎడమచేత్తో తీసుకున్నాడు. దాన్ని ఊతం చేసుకుని లేచి నిలబడ్డాడు. పొద్దుటి నుంచి మూసుకున్న నోరు ఇప్పుడు తెరిచాడు.

"నాన్నా, చెయ్యి తియ్యి."

ముసలాయన తీయలేదు. చిన్నవాడే మోచేత్తో ఆ చెయ్యిని పక్కకి జరిపాడు.

"వదినా, నువ్వు ఇవతలికి రా. నీ గీత సంగతి తర్వాత."

ఆ తర్వాత అన్న కళ్లలోకి చూశాడు.

"నేను ఇంకో కొండ చూడ్డానికి ఆగాను అన్నయ్యా. నీకు దూరంగా పోదామని. అది నా తప్పు, ఒప్పుకుంటున్నా. దానికి నువ్వేం శిక్ష వేసినా పడతాను. కానీ రాయి నేను మార్చలేదు. మార్చనిదానికి నా చెయ్యి విరిచావు. ఈ ఇంట్లో ఎవరు ఏం చేస్తే దానికి ఎంత అనేది ఎప్పుడూ నువ్వే లెక్కకట్టావు. ఇదెంతో కూడా నువ్వే చెప్పు."

పెద్దవాడు దాగలి మీది రాయిని తీసి కింద పెట్టాడు.

"చెప్పలేవా? అయితే నేను చెబుతా. చెయ్యి పెట్టు."

"మరిదీ" అంది రాళ్లక్క.

"నేను నిన్నడగలేదు వదినా."

కారు ఆగింది. తలుపు తెరుచుకుంది. పరీక్షల సారు కాగితాల కట్ట చంకన పెట్టుకుని ఒక కాలు కిందికి దించి, వాకిట్లో కనిపించింది చూసి, రెండో కాలు దించడం మర్చిపోయాడు.

"ఏ చెయ్యి?" అన్నాడు పెద్దవాడు మెల్లగా.

"నాది ఏది పోయిందో అది."

ఇరవై ఏళ్ల కాపురంలో మొగుడు ఎవరి మాటకైనా తల వంచడం రాళ్లక్క చూడలేదు. ఇప్పుడు చూసింది. ఆయన దాగలి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. తమ్ముడి రక్తం ఎండిన చోట కుడిచెయ్యి చాచి పెట్టాడు. వంకర వేలు మాత్రం దిమ్మకి ఆనలేదు. కొంచెం పైకి లేచి ఉంది.

సుత్తి లేచింది. ఎడమచెయ్యి, అలవాటు లేని చెయ్యి, దాని గురి ఎవరికీ తెలియదు.

వద్దని అరవాలనుకుంది రాళ్లక్క. అరవలేదు. రాయిని నిప్పుల్లో వేసినప్పుడల్లా చేసినట్టే, ఊపిరి బిగబట్టి, చెవి ఒగ్గి నిలబడింది.